మొదటి గ్లాసు

నర్సీపట్నం తాలూకా ఆఫీసులో నాకు అప్పజెప్పిన పనులన్నిటిలోకీ చిన్నది వాన కొలవడం. ఆఫీసు వెనక, చుట్టూ ముళ్ళకంప కట్టిన కాస్త జాగాలో, నేలలో సగం పాతిన ఒక గరాటు, దాని కింద ఒక సీసా ఉండేవి. రోజూ పొద్దున్న ఎనిమిది గంటలకు ఆ సీసాలో నీళ్ళు కొలత గ్లాసులోకి వంచి, ఎంత పడిందో పుస్తకంలో రాయాలి. గ్లాసు నిండితే అర అంగుళం వాన. అంతకు మించి పడితే ఆ గ్లాసు లెక్కలో వేసుకుని, పారబోసి మళ్ళీ వంచాలి. వాన పడని రోజు కూడా వెళ్ళి చూసి సున్నా పెట్టాలి. ఏడాదిలో ముప్పాతిక భాగం సున్నాలే. "సున్నాలు చుట్టడానికి దొరగారికి మీరు తప్ప ఇంకెవరూ దొరకలేదు కాబోలు" అనేది మా ఆవిడ. నేనూ నవ్వేవాణ్ణి. ఇది ఇరవైల నాటి సంగతి, మన్యంలో అలజడి సద్దుమణిగి ఊళ్ళో పోలీసు గుడారాలు ఎత్తేసిన తరవాతి ఏళ్ళది.

నాకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా ఆ వాన కొలిచింది ఒక బంట్రోతు. కొండమనిషి. పెళ్ళయిన కొత్తలో చింతపల్లి వైపు నుంచి కిందికి దిగి ఆఫీసులో చేరాడట. చదువు రాదు. గ్లాసు మీద గీతలు మాత్రం తప్పులేకుండా లెక్కపెట్టి గుమాస్తాకు చెప్పేవాడు, గుమాస్తా రాసుకునేవాడు. కళ్ళు మసకబారి ఆయన పని మానేశాక, ఆ స్థానంలో ఎవరినీ వెయ్యకుండా గ్లాసు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అప్పట్లో నేను ఆయనను "నువ్వు" అనేవాణ్ణి. నా వయసుకు రెట్టింపు వయసు ఆయనది. అయినా ఆఫీసులో అదే అలవాటు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి దానంతటదే "ఆయన" అని రాస్తోంది. ఆలస్యంగా వచ్చిన మర్యాద ఎవరికి కావాలి?

ఆయనకు ఒక్కతే కూతురు. మొగుడు పోయి తండ్రి దగ్గరే ఉండేది. కొండ మీది చుట్టాలు సంతకు తెచ్చే అడ్డాకులు కొని, విస్తళ్ళు కుట్టి, ఊళ్ళో ఇళ్ళకు ఇచ్చేది. మా ఇంటికి కూడా తనే తెచ్చేది. నోరు ఊరుకునేది కాదు. ఒకసారి గుమ్మంలో విస్తళ్ళ కట్ట దింపుతూ అడిగింది.

"ఏటి బాబూ, రేపు వానొస్తాదా?"

"రేపటిది నాకేం తెలుసు? నిన్న ఎంత పడిందో చెప్పమంటే చెబుతాను."

"నిన్నటి వాన సెప్పడానికి సదువెందుకు బాబూ, తడిసినోడికి తెలీదేటి?"

మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మాట చాలా ఏళ్ళు మా ఇంట్లో సామెతలా నడిచింది. తరవాత ఎవరం ఆ మాట ఎత్తలేదు.

వాళ్ళ ఇల్లు గెడ్డవీధిలో. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. ఏడాదిలో పది నెలలు దాన్ని పిల్లలు కూడా దాటి ఆడుకుంటారు. తక్కిన రెండు నెలలు దాని ఇష్టం. మన్యం గొడవలప్పుడు లారీలు నడవాలని మన్యం రోడ్డును ఎత్తు చేసి కట్టలాగా పోశారు. ఆ కట్ట కింద గెడ్డ పోవడానికి పాతకాలపు ఇటుక తూము ఒకటే ఉంది, ఒకే ఒక్క ఖానా, అంటే నీళ్ళు పోయే కన్ను. గెడ్డవీధి కట్టకు ఎగువన ఉంది. అంటే తూము పట్టనంత నీళ్ళు వస్తే ముందు నిలిచేది ఆ మట్టి గోడల మధ్యనే. ఇది కళ్ళున్న ఎవరికైనా కనిపించేదే.

కొత్తగా వచ్చిన ఓవర్సీరు గారికి కనిపించింది. పాత తూము బీటలు వేసింది, ఎలాగూ తిరిగి కట్టాలి. ఆయన రెండు ఖానాలతో కట్టించాలని పట్టుబట్టాడు. పైవాళ్ళు, ఇన్నాళ్ళూ ఒకటి సరిపోయింది కదా, ఇప్పుడు రెండెందుకు, రుజువు చూపించమన్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పంతులు గారూ, మీ దగ్గర వాన పుస్తకాలు ఎన్నేళ్ళవి ఉన్నాయండీ?"

"చెద తినగా మిగిలినవి ఓ పాతికేళ్ళవి ఉంటాయండీ."

"పెద్ద వానలు పెరుగుతున్నాయా లేదా, ఆ ఒక్క ముక్క తేల్చి చెప్పండి చాలు. పెరుగుతున్నాయంటే రెండు ఖానాలకు నేను రాస్తాను. లేదంటే ఒకటే కడతారు."

నా సున్నాలతో ఎవరికైనా పని పడటం అదే మొదలు. పుస్తకాలన్నీ ఇంటికి మోయించుకుపోయాను. సావిట్లో నేల మీద సుద్దతో ఏటికో గడి చొప్పున గీసి, నాలుగంగుళాలు దాటిన ప్రతి రోజుకూ ఆ ఏటి గడిలో ఒక చింతగింజ పెడుతూ వచ్చాను. ఆదివారాలు, పొద్దుటి పూటలు దానికే. మా ఆవిడ అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేక గొణుక్కునేది. చివరి పుస్తకం మూసి లేచి చూస్తే పాత గడుల్లో చాలా వాటికి గింజే లేదు. చివరి ఏడు గడుల్లో ఖాళీది ఒక్కటీ లేదు, కొన్నిట్లో రెండు మూడేసి కూడా ఉన్నాయి. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమినా తెలిసిపోయేటట్టు ఉంది. వానలు పెరుగుతున్నాయి. నాకు భయం వెయ్యాల్సింది, సంతోషం వేసింది. ఇన్నేళ్ళ చాకిరీకి ఒక అర్థం దొరికిందనుకున్నాను.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలిచింది. గింజలు ఎత్తబోతూ ఆగిపోయాను. ఆ చివరి ఏడు గడులూ నేను కొలిచిన ఏళ్ళు. ముందువన్నీ ముసలాయన కొలిచినవి. గింజలు చిక్కబడింది సరిగ్గా గ్లాసు చేతులు మారిన చోటే. మారింది వానా, కొలిచే చెయ్యా?

మర్నాడు పొద్దున్నే గెడ్డవీధికి వెళ్ళాను. ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూతురు పక్కన ఆకులు కుడుతోంది. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను. నువ్వు వాన ఎలా కొలిచేవాడివో ఒకసారి చెప్పు అన్నాను. ఆయన ముఖం విప్పారింది. లేని సీసా ఎడమ చేత్తో ఎత్తి, లేని గ్లాసు కంటి ఎత్తున పట్టుకుని, ఎలా వంచేవాడో, ఎక్కడ ఆపేవాడో అంతా చేసి చూపించాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు.

"నిండు గళాసు వచ్చిందనుకోండి, మొదటిది తల్లికి పోసీవోడిని బాబూ. ఆ తరవాతే కొలత."

"ఏ తల్లికి?"

"బూమితల్లికి బాబూ. ముందు అమ్మకి పెట్టకుండా మనం తీసుకోకూడదు గదా. మా కొండల్లో అలగే."

"ఆ పోసిన గ్లాసు గుమాస్తాకు చెప్పావా? పుస్తకంలో రాశారా?"

"అమ్మకిచ్చింది లెక్క సెప్తారేటి బాబూ?"

నిండు గ్లాసు వచ్చిన ప్రతిరోజూ అర అంగుళం నేలపాలు. ఇరవై ఏళ్ళు. ఇక చిన్నగా కనిపించక ఏం చేస్తాయి పాత వానలు? లేచి చెప్పులు వేసుకున్నాను.

"కూకోండి బాబూ, అయ్య సెప్పడం అవనేదు ఇంకా" అంది కూతురు.

"ఆఫీసుకు టైమైంది" అన్నాను.

ఆ రోజు ఆఫీసుకు ఇంకా గంటన్నర టైముంది. నాకు కావలసింది దొరికిందని లేచాను. ఒక బంట్రోతు మాట ఆసాంతం వినడం మా ఆఫీసులో ఎవరికీ అలవాటు లేదు. నాకూ లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగాను, ఆయన పెడుతుండగానే విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

పాత పుస్తకాల్లో గ్లాసు నిండిన ప్రతిరోజు అంకెకూ ఎర్ర సిరాతో అర అంగుళం కలిపాను. మళ్ళీ సుద్దతో గడులు గీశాను, మళ్ళీ గింజలు పెట్టాను. మూడున్నర దాటి నాలుగుకు అందక ఆగిపోయిన రోజులు పాత ఏళ్ళలో బోలెడు. అన్నీ ఇప్పుడు నాలుగు దాటాయి. పాత గడులు నిండాయి. కొత్త గడులకూ వాటికీ తేడా లేకుండా పోయింది.

ఇదంతా కాగితం మీద రాసి ఇస్తే ఓవర్సీరు గారు రెండుసార్లు చదివాడు.

"మీ బంట్రోతు నా రెండో ఖానా తాగేశాడండీ" అన్నాడు. తరవాత కొంచెం ఆలోచించి, "పాయకరావుపేట బంగళాలో కూడా వాన కొలుస్తారు. వాళ్ళ అంకెలు కూడా తెప్పించి సరిచూస్తే?" అన్నాడు.

"ఉత్తరం రాసి జవాబు వచ్చేసరికి మీ గడువు దాటిపోతుందేమోనండీ. నాకైతే అనుమానం లేదు."

నాకైతే అనుమానం లేదు. ఈ మాట నేను నోటితో అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు కూడా ఇంత ధీమాగా అని ఉండడు. పైగా లోపల గర్వం కూడా. వానలు పెరిగాయని చెబితే ఓవర్సీరు సంతోషిస్తాడు, ఊరు సంతోషిస్తుంది, అయినా నిజమే చెప్పాను కదా అని. ఆ ఎండాకాలం ఒక్క ఖానాతో కొత్త తూము కట్టారు. సున్నం నున్నగా మెత్తి, ముచ్చటగా కట్టారు. ఆదివారం సాయంత్రాలు అటు షికారు వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.

రెండేళ్ళు గెడ్డ ఊరుకుంది. మూడో ఏడు ఆశ్వయుజంలో ఒకరోజు తెల్లవారుతూనే తూర్పు గాలి లేచింది. పది గంటలకల్లా వాన పట్టింది. ఆఫీసు పెంకులు ఎగురుతుంటే రికార్డులు గది మధ్యకు చేర్చడంతోనే సరిపోయింది. మూడు గంటల వేళ రోడ్డు మీద జనం అరుస్తున్నారంటే గొడుగు లేకుండానే పరుగెత్తాను.

కట్ట మీద నిలబడి చూశాను. ఇటు దిగువన కొత్త తూములోంచి ఒక్క ధార, బిగించి పట్టినట్టు దూకుతోంది. అటు ఎగువన కట్ట అంచుకు జానెడు కిందుగా నీళ్ళు నిలబడి ఉన్నాయి. గెడ్డవీధి గడ్డికప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి, కొన్ని అప్పటికే కూర్చుండిపోయాయి. తూము పక్కన ఇంకొక ఖానా ఉండవలసిన చోటు ఎక్కడో నాకు తెలుసు. ఓవర్సీరు గారు గీసిన పటంలో దాన్ని నేను చూశాను. ఆ చోట మట్టి కట్ట గట్టిగా, నిబ్బరంగా నిలబడి నీళ్ళను ఆపుతోంది.

ముసలాయన కట్ట మీదే ఉన్నాడు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేదు. కూతురు ఆయనను చెయ్యి పట్టి నడిపించుకుని కట్ట ఎక్కించిందట. మేకను విప్పి బేగి వచ్చేస్తానని మళ్ళీ దిగిందట. అప్పటికి నీళ్ళు నడుము లోతే. ఆయనకు కళ్ళు కనపడవు కనుక, వచ్చిన ప్రతివాళ్ళనూ "మా పిల్ల వచ్చీసినాదా?" అని అడుగుతున్నాడు. నన్నూ అడిగాడు. గొంతు గుర్తుపట్టి, "మీరా బాబూ, మా పిల్ల అగుపడిందేటి?" అన్నాడు. నేను లేదన్నాను. గోడ కూలి ఆవిడ దాని కింద ఉందని మర్నాడు నీళ్ళు తీశాక తెలిసింది. మేక తాడు విప్పే ఉంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటలకు నేను వాన కొలవడానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకు తెలీదు. కాళ్ళకు అలవాటు. ముళ్ళకంప లేదు. గరాటు నిండా ఒండ్రు. సీసా ఎప్పుడో నిండి పొర్లిపోయి, చుట్టుపక్కల పారిన బురదనీళ్ళు కూడా అందులో చేరాయి. ఎంత పడిందో ఇక ఎవరూ చెప్పలేరు. నేను పుస్తకంలో ఆ తారీఖు ఎదురుగా ఒక గీత గీసి, పక్కన "నీట మునిగినది, కొలవలేదు" అని రాశాను. నా హయాంలో పడిన అన్నిటికన్నా పెద్ద వానకు పుస్తకంలో అంకె లేదు. రేపు ఎవడైనా పెద్ద వానలు పెరిగాయా అని ఆ పుస్తకం తిరగేస్తే, ఆ రోజుకు ఒక్క చింతగింజ కూడా పెట్టలేడు. తడిసినోడికి తెలీదా అంది ఆవిడ. తడిసినవాళ్ళ మాట పుస్తకంలో రాసే గడి లేదు.

ముసలాయనను రావికమతంలో ఉన్న చెల్లెలు వచ్చి తీసుకుపోయింది. మరుసటి ఎండాకాలం చివర, తొలి జల్లు గట్టిగా పడిన మర్నాడు, నేను గ్లాసు కడుగుతుంటే వెనక కర్ర చప్పుడైంది. ఎవరో సంత బండి మీద వస్తుంటే ఎక్కి వచ్చాడట. చిక్కి సగమయ్యాడు.

"ఈ ఏడు కొత్తనీరు తల్లికి పోసారా బాబూ? మీకు తెలీదని సెప్పడానికి వచ్చినాను."

నేను మెల్లగా అడిగాను. "రోజూ పోసేవాడివి కదా నువ్వు?"

"రోజూ ఏటి బాబూ?" ఆయన తెల్లబోయాడు. "కొత్తలు ఏడాదికి ఓపాలే గదా. మామిడికాయయినా, సిక్కుడుకాయయినా, నీరయినా. తొలకరికి వచ్చిన మొదటి నిండు గళాసు. అదొక్కటే. రోజూ పోత్తే సర్కారు లెక్క దొంగిలించినట్టు కాదేటి?"

కొత్తలంటే ఏమిటో నర్సీపట్నంలో తెలియనివాడు లేడు. కొండ మీదివాళ్ళు కొత్త మామిడికాయను దేవతకు పెట్టకుండా నోట పెట్టరు. ఆ పండుగ చెయ్యకముందు సంతలో కాయ ఎంత నిగనిగలాడినా ముట్టరు. ఏడాదికి ఒక్కసారి. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు ఆ అరుగు మీద ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే ఆయనే చెప్పేవాడు. చెప్పడం అవలేదని కూతురు అననే అంది.

ఏడాదికి ఒక్క గ్లాసు, అదీ ఎండాకాలపు జల్లులో. నాలుగంగుళాల వానలకూ దానికీ సంబంధమే లేదు. పాత అంకెలు ఉన్నవి ఉన్నట్టు సరైనవే. మొదటిసారి పెట్టిన గింజలే నిజం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పాయకరావుపేటకు ఉత్తరం రాశాను. తొమ్మిది రోజుల్లో జవాబు వచ్చింది. అక్కడా అదే వరస, పెద్ద వానలు ఎక్కువగా ఆ చివరి ఏళ్ళలోనే. తొమ్మిదే రోజులు. ఎర్ర సిరా చెరపడానికి వీల్లేదు, ఆఫీసు పుస్తకం. ఓవర్సీరు గారికి అప్పటికే బదిలీ అయిపోయింది.

పది మందిలో తల ఎత్తుకోలేకపోయాను, కానీ ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనడానికి ఎవరికీ తెలీదు. అదే నాకు భరించరానిదైంది. చివరికి ఒక ఆదివారం పొద్దున్న రావికమతం నడిచి వెళ్ళాను. చెల్లెలి ఇంటి ముందు చింతపండు పిక్క తీస్తూ కూర్చున్నాడు ఆయన. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. గింజలు, ఎర్ర సిరా, రెండో ఖానా, నా మాట మీద అది కట్టకపోవడం, ఏదీ దాచలేదు. తప్పు నాదే అన్నాను. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

ఆయన చేతిలో పిక్కను వేళ్ళతో తడుముతూ అడిగాడు.

"అయితే బాబూ, నాను తల్లికి పోసిన నీళ్ళే మా పిల్లని తీసుకుపోనాయేటి?"

"కాదు. నువ్వు చేసినదాంట్లో తప్పేమీ లేదు. నేను సరిగ్గా అడగలేదు."

"నాను మీకు సెప్పకుండా ఉంటే రెండు కానాలు కట్టీవోరు గదా."

అది నిజమే. అయినా కాదు కాదని ఎన్నిసార్లు అన్నానో. నా బరువు దింపుకోవడానికి వెళ్ళినవాణ్ణి, అది ఆయన నెత్తిన పెట్టి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు కోటవురట్ల వైపు నుంచి మబ్బు పట్టింది. తడుస్తూ నడిచాను.

మరుసటి ఏడు ఆయన పోయాడని సంతకు వచ్చిన చెల్లెలు చెప్పింది. ఆఫీసు గుమ్మంలో నిలబడి, నన్ను చాటుకు పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడింది. పోయే ముందు మామిడికాయల రోజుల్లో, కొత్తలు ఇంకా చెయ్యకుండానే, అన్న చెట్టు కింద రాలిన కాయ తడిమి తీసుకుని, అందరూ చూస్తుండగా కొరికాడట. ఇంట్లో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారట. తల్లికి పెట్టకుండా తింటున్నావేటి అని అడిగితే, ఇంక పెట్టను అన్నాడట. పోయేదాకా ఆ తల్లి పేరు ఎత్తలేదట.

"అలగంటి మనిసి కాదు గదా బాబూ. మీరొచ్చి ఎళ్ళినకాడి నుంచే అలగయిపోనాడు. మా అన్నకి ఆ రోజు మీరేటి సెప్పినారు?"

ఎనిమిది కావస్తోంది. కొలత గ్లాసు నా చేతిలోనే ఉంది. "వాన కొలవడానికి టైమైంది" అని ఆఫీసు వెనక్కి నడిచాను.